బీ మై ఐస్ యాప్ రివ్యూ: వీల్‌చైర్‌లో ఉండే వాలంటీర్ నుంచి

ముందు ఈ యాప్ ఏంటో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. చూపు లేనివాళ్ళకీ, చూపు బాగా తక్కువ ఉన్నవాళ్ళకీ వీడియో కాల్‌లో సాయం చేసే యాప్ బీ మై ఐస్. వాళ్ళకి ఏదైనా చూసిపెట్టే మనిషి కావాల్సి వచ్చినప్పుడు ఒక బటన్ నొక్కుతారు, వాళ్ళ భాష వచ్చిన వాలంటీర్లు కొంతమందికి ఒకేసారి ఫోన్ మోగుతుంది, ముందుగా ఎవరు ఎత్తితే వాళ్ళకి అవతలివాళ్ళ ఫోన్ వెనక కెమెరాలో ఉన్నది కనిపిస్తుంది. మందు సీసా మీద ఏం రాసుందో చదవడం, చీర ఏ రంగో చెప్పడం, కరెంటు మీటర్ రీడింగ్ చూడటం, సెట్‌టాప్ బాక్స్ మొరాయిస్తే టీవీ మీద ఏం ఎర్రర్ వచ్చిందో చదివి వినిపించడం, ఇలాంటి పనులు. పని అయిపోగానే కాల్ పెట్టేస్తాం. డేటా ఖర్చు తప్ప ఎవరూ పైసా కట్టక్కర్లేదు.

నేను ఇందులో వాలంటీర్‌ని. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి, ఉండేది వీల్‌చైర్‌లోనే, ఇంట్లో కూర్చుని డీటీపీ పని చేసుకుంటాను. కాబట్టి యాప్ బాగుందా లేదా అన్నదే కాకుండా, మాలాంటివాళ్ళు ఇందులో వాలంటీర్లుగా చేరితే ఎలా ఉంటుంది, మాలో ఎవరికి ఇది ఇంకా అందట్లేదు అన్నది కూడా రాస్తాను. చేరే ముందు నేను వెతికింది ఆ సమాచారమే, దొరకలేదు.

నాకు ఇదెందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. వికలాంగులంటే సాయం తీసుకునేవాళ్ళు అన్న లెక్క మన దగ్గర ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, మేమే సాయం చేస్తామని వెళ్ళినా ఆ మాట ఎదుటివాళ్ళ చెవికెక్కదు. మా ఊళ్ళో ఒక సేవాసంస్థ దగ్గరికి వెళ్ళి, సాయంత్రం పూట పిల్లలకి లెక్కలు చెప్తాను, లేదంటే మీ కరపత్రాలూ రసీదు పుస్తకాలూ నేను కంపోజ్ చేసిపెడతాను అన్నాను. చాలా మర్యాదగా మాట్లాడారు, టీ ఇచ్చారు, ఫోన్ నంబర్ రాసుకున్నారు. తర్వాత వాళ్ళ వార్షికోత్సవానికి పిలిచి, నలుగురు కలిసి కుర్చీతో సహా నన్ను స్టేజి మీదకి ఎత్తి, శాలువా కప్పి, ఈవిడని చూసి మనందరం నేర్చుకోవాలని మైకులో చెప్పారు. లెక్కలు చెప్పడానికి మాత్రం పిలవలేదు, రసీదు పుస్తకాలు బయట డబ్బులిచ్చి చేయించుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. కానీ ఒక పని అప్పగిస్తే అది సరిగ్గా జరగాలని ఎదురుచూస్తారు, జరక్కపోతే ఏమైందని అడుగుతారు, ఆ అడగడంలో ఒక గౌరవం ఉంటుంది. శాలువా కప్పినవాళ్ళు మళ్ళీ ఏమీ అడగరు.

చూపు లేని విద్యార్థులకి పరీక్షల్లో స్క్రైబ్‌గా, అంటే వాళ్ళు చెప్పిన జవాబులు రాసిపెట్టే మనిషిగా, కూర్చుందామని కూడా చూశాను. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు ఆ అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని అప్పట్లో నియమం, కాబట్టి డిగ్రీ పూర్తిచేసిన నాకు చాలా పరీక్షలు అక్కడే పోయాయి. ఆ నియమం ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, దాని మీద గొడవ లేదు. మిగిలినవాటిలో నాకు కుదిరిన ఒక పరీక్షకి సెంటర్ రెండో అంతస్తులో పడింది, లిఫ్ట్ లేదు. ఇలాంటి చోట్లకి మేమూ వెళ్ళగలిగేలా ఉండాలని చెప్పే వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఆ పరీక్ష రాయాల్సిన అమ్మాయి మెట్లెక్కి పైకి వెళ్ళగలదు, నేను వెళ్ళలేను, ఆ అమ్మాయి ఆఖరి నిమిషంలో ఇంకొకర్ని వెతుక్కోవాల్సి వచ్చింది. దానికి నేనెంత బాధపడ్డానో నాకే తెలుసు.

ఇక యాప్ సంగతి. ఇన్‌స్టాల్ చేయగానే అడిగేది నీకు సాయం కావాలా, నువ్వు సాయం చేస్తావా అని. తర్వాత ఏ భాషలు వచ్చో అడుగుతుంది. అంతే. మన దగ్గర మాలాంటి మనిషి కొత్తగా పరిచయమైతే రెండో మాట ‘సదరంలో ఎంత పర్సెంట్ వచ్చింది?’ అనే ఉంటుంది (సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్), ఆ తర్వాత పెన్షన్ వస్తోందా, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అని సాగుతుంది. అవి తప్పుడు ప్రశ్నలని కాదు గానీ జీవితమంతా వాటికే జవాబులు చెప్పిన మనిషిని ‘నీకు తెలుగు వచ్చా, హిందీ వచ్చా’ అని అడిగితే ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. కాల్ ఎలా వస్తుందో, ఎలా ఎత్తాలో ముందుగానే నేర్పించే చిన్న భాగం కూడా యాప్‌లోనే ఉంది, మొదటి కాల్‌కి ముందు అది తప్పకుండా చూసుకోండి, టెన్షన్ తగ్గుతుంది.

దీన్ని మొదలుపెట్టిన మనిషి హాన్స్ యోర్గన్ వీబర్గ్, డెన్మార్క్ ఆయన, ఫర్నిచర్ పని చేసేవాడు, ఆయనకే చూపు చాలా తక్కువ. చూపు లేని స్నేహితులు ఏదైనా చూపించుకోవాలంటే ఇంట్లోవాళ్ళకి వీడియో కాల్ చేస్తున్నారని తెలిసి, ప్రతిసారీ ఇంట్లోవాళ్ళనే ఇబ్బంది పెట్టకుండా ఇష్టంగా చేసేవాళ్ళని కలిపితే బాగుంటుందనుకున్నాడు. 2012లో ఆర్హుస్ నగరంలో జరిగిన ఒక స్టార్టప్ కార్యక్రమంలో ఆ ఆలోచన చెప్పాడు, 2015 జనవరిలో ఐఫోన్‌కి యాప్ వచ్చింది, 2017లో ఆండ్రాయిడ్‌కి వచ్చింది. ఇబ్బంది పడినవాడే తయారుచేశాడన్నది వాడేటప్పుడు తెలుస్తుంది. అవతలి మనిషి దగ్గర దీనంగా అడగక్కర్లేదు, ఎందుకు కావాలో చెప్పుకోనక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. ఒక్క గ్లాసు నీళ్ళ కోసం కూడా ఎవర్ని పిలవాలా, ఇప్పుడు పిలిస్తే విసుక్కుంటారా అని లెక్కేసుకునే మాలాంటివాళ్ళకి ఆ తేడా ఎంతో పెద్దది.

పని ఎలా ఉంటుందో ఒక కాల్ చెప్తాను. ఎవరో, ఏ ఊరో నాకు తెలీదు, అడగకూడదు కూడా. గొంతును బట్టి పెద్దాయన. మంచం మీద రెండు మాత్రల స్ట్రిప్పులు పెట్టారు, రెండూ టెల్మిసార్టాన్ అనే బీపీ మందే, ఒకే కంపెనీవి, ఒకటి 40 మిల్లీగ్రాములు, ఇంకోటి 80, చేత్తో తడిమితే రెండూ ఒకేలా ఉంటాయి. డాక్టరు డోసు మార్చారట, పాతవి కొన్ని మిగిలాయి, ఏది ఏదో తెలియాలి. మాత్రల స్ట్రిప్పు చదవడం మీరనుకున్నంత తేలిక కాదు. వెండి రేకు మీద లైటు పడితే కెమెరాలో తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనబడదు. గడువు తేదీ చాలాసార్లు సిరా లేకుండా అచ్చు గుద్దేసి ఉంటుంది, మాత్రలు ఆ చివర నుంచి తుంచేసి ఉంటే అది ఉండనే ఉండదు.

‘బాబాయ్ గారూ, స్ట్రిప్పు కదపకండి, ఫోన్ మాత్రం ఒక జానెడు పైకి లేపండి’ అన్నాను. లేపారు. ‘ఇప్పుడు కిటికీ మీకు ఏ వైపుంది?’ అంటే కుడివైపు అన్నారు, వీపు కిటికీకి కొంచెం అడ్డం పెట్టమన్నాను, మెరుపు పోయింది. 80 అని కనబడింది. ఇంకోసారి చదివాను, రెండోది కూడా చూపించమని అది 40 అని ఖాయం చేసుకున్నాక అప్పుడు చెప్పాను. ఆయన 80 ఉన్న స్ట్రిప్పుకి రబ్బరు బ్యాండు చుట్టుకున్నారు. ఇక ముందు ఎవర్నీ అడగక్కర్లేకుండా. యూరప్‌లో మందు పెట్టె మీద పేరు బ్రెయిలీలో ఉండాలని 2004లోనే నిబంధన తెచ్చారు, మన దగ్గర పెద్దవాళ్ళు రబ్బరు బ్యాండ్లతో నెట్టుకొస్తున్నారు.

అంతా అయ్యాక ఆయనే ‘ఏం చేస్తుంటావమ్మా?’ అన్నారు. ఇంట్లోనే టైపింగ్ పని బాబాయ్ గారూ, నాకు కాళ్ళు పనిచెయ్యవు, వీల్‌చైర్‌లో ఉంటాను అని చెప్పాను. అయ్యో అంటారేమో అనుకున్నాను. ‘ఇంటిపట్టునే ఉంటావన్నమాట, అయితే ఫోన్ ఎత్తుతావు, మంచిది’ అన్నారు. ఆ వెంటనే ‘ఇదిగో ఈ కళ్ళ చుక్కల మందు ఇంకా వేసుకోవచ్చా చూడు’ అని ఇంకో సీసా తీశారు. నా గురించి అంత సరైన మాట నా చుట్టాల్లో కూడా ఎవరూ అన్న గుర్తులేదు నాకు. నేను ఇంట్లోనే ఉండటం ఆయనకి పనికొచ్చే విషయం, అంతే. శాలువా లేదు, జాలి లేదు, ఇంకో సీసా ఉంది. చుక్కల మందు మూత తీసి ఎన్నాళ్ళయిందని అడిగాను, కళ్ళ చుక్కలు తెరిచాక ఎన్నాళ్ళు వాడొచ్చో చాలా సీసాల మీద రాసే ఉంటుంది, అది చదివి వినిపించాను, పారేయాలా వద్దా అన్నది ఆయనే తేల్చుకున్నారు.

ఇక్కడే వాలంటీర్లకి ఒక మాట. చూసింది చెప్పాలి, నిర్ణయం వాళ్ళది. ఆ చీర మీద ఈ జాకెట్టు బాగుండదండీ అని మనంతట మనం చెప్పకూడదు, అడిగితే చెప్పొచ్చు. వంటింట్లో గట్టు మీద సామాను చెల్లాచెదురుగా ఉంటే అది మనకి అనవసరం. ఒంటరిగా ఉంటారా, పుట్టుకతోనే ఇలాగా అని అడగనే కూడదు. రోడ్డు దాటించడంలాంటి ప్రమాదం ఉన్న పనులకి ఈ యాప్ వాడకూడదు, ఎవరైనా అడిగినా మర్యాదగా కాదనండి. ఇవన్నీ మామూలు వాలంటీర్లకి చెప్పి నేర్పించాల్సి వస్తుంది, మాకు అంత అవసరం లేదు. అడక్కుండా నా వీల్‌చైర్ వెనక పట్టుకుని తోసేసినవాళ్ళు ఎంతమందో, ముందు అడిగి ముట్టుకోవాలన్నది నా ఒంటికి తెలిసిన విషయం. అందుకే మాలాంటివాళ్ళు ఈ పనికి బాగా సరిపోతారని గట్టిగా నమ్ముతాను. దయతో మమ్మల్ని చేర్చుకోమని అడగట్లేదు, ఈ పని మాకు వచ్చు. నా మటుకు ఇంకో లాభం కూడా ఉంది, రోజంతా ప్రూఫులు దిద్దే కళ్ళు కాబట్టి చిన్న అక్షరాలు నాకు తొందరగా దొరుకుతాయి.

సరే, లోపాలు. ఇవి ఉన్నాయి, కొన్ని పెద్దవే.

మొదటిది, కాల్స్ తక్కువ. ప్రపంచం మొత్తం మీద వాలంటీర్లు 70 లక్షలు దాటారు, సాయం అడిగేవాళ్ళ కంటే దాదాపు పదింతలు, యాప్ తెరవగానే ఆ రెండు అంకెలూ హోమ్ స్క్రీన్ మీదే కనబడతాయి. తెలుగు ఒక్కటే పెట్టుకుంటే వారాల తరబడి ఫోన్ మోగకపోవచ్చు. అడిగినవాళ్ళకి క్షణాల్లో మనిషి దొరకాలంటే వాలంటీర్లు ఎక్కువుండాల్సిందే కాబట్టి ఇది వాళ్ళ వైపు నుంచి మంచిదే, కానీ రోజూ చేతినిండా సేవ ఉంటుందని చేరితే నిరాశపడతారు. తెలుగువాళ్ళలో చూపు లేనివాళ్ళకి ఈ యాప్ గురించి తెలిసింది తక్కువని నా అనుమానం, మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరైనా ఉంటే వాలంటీరుగా చేరడం కంటే ముందు వాళ్ళ ఫోన్‌లో ఇది పెట్టిస్తే ఎక్కువ మేలు.

రెండోది నాకు బాగా బాధ కలిగించేది. ముందు ఎత్తినవాళ్ళకే కాల్. నా చేతులు బాగానే పనిచేస్తాయి, అయినా ఫోన్ టేబుల్ అవతలి చివర ఉంటే కుర్చీ తిప్పుకుని వెళ్ళేసరికి ఇంకెవరో ఎత్తేసి ఉంటారు. సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండకపోవడం) ఉన్న నా స్నేహితురాలికి వేళ్ళు కుదురుగా స్క్రీన్ మీద నిలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. మాట స్పష్టం, చూపు చురుకు, ఓపిక నాకంటే ఎక్కువ, కానీ ఒక్కసారి కూడా ఆమెకి కాల్ అందలేదు. వేరే వాలంటీర్ ఎత్తేశారని చూసి చూసి ఫోన్ పక్కన పెట్టేసింది. అవతల మనిషికి తొందరగా సాయం అందాలి నిజమే, కానీ అన్ని కాల్సూ సెకన్ల మీద ఆధారపడ్డవి కావు. రంగు చెప్పమనడానికి, ఉత్తరం చదివించుకోవడానికి అర నిమిషం ఆగగలిగినవాళ్ళు ఉంటారు. అలాంటివి నిదానంగా ఎత్తేవాళ్ళకి కొంచెం ఎక్కువసేపు మోగేలా ఒక సెట్టింగ్ పెట్టొచ్చు కదా. వికలాంగుల కోసం వికలాంగుడు మొదలుపెట్టిన యాప్‌లో వాలంటీర్ అంటే చకచకా వేళ్ళు కదిలే మనిషేనని ఎలా అనుకున్నారో నాకు అర్థం కాదు.

మూడోది, వినికిడి లేనివాళ్ళు. మాట మీద నడిచే పని కాబట్టి వాళ్ళకి ఇందులో చోటు లేకుండా పోయింది. ఫోన్‌లో రాసి ఉన్న మాటని స్క్రీన్ రీడర్ అనే సదుపాయం చదివి వినిపిస్తుంది, చూపు లేనివాళ్ళు గొంతుతో టైపు చేయగలరు, కాబట్టి ఫొటో పంపితే వాలంటీర్ టైపు చేసి జవాబిచ్చే దారి ఒకటి ఉంటే చెవిటివాళ్ళు కూడా చక్కగా చేయగలరు. కంపెనీవాళ్ళకి ఈ రెండు సూచనలూ రాసి పంపాను.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. 2023 నుంచి ఇందులో ఫొటో తీస్తే కంప్యూటరే వివరించి చెప్పే సదుపాయం ఉంది. దానివల్ల మనుషులకి కాల్స్ తగ్గుతాయి కదా, మీకు బాధగా లేదా అని ఒకరిద్దరు అడిగారు. లేదు. అర్ధరాత్రి ఫ్రిజ్‌లో డబ్బా ఏదో తెలుసుకోవడానికి మనిషితో మాట్లాడక్కర్లేకపోవడం కూడా ఒక స్వేచ్ఛే, నా పని నాకు ఉండాలని ఇంకొకరు పరాధీనంగా ఉండాలా? కాకపోతే మందుల విషయంలో, డబ్బు విషయంలో మనిషితో రెండోసారి చూపించుకోండి. ఫొటోలో మెరుపు పడిందని తెలిసి ‘ఇలా కాదు, అలా తిప్పండి, మళ్ళీ చదువుతాను’ అనే ఓపిక ఇప్పటికీ మనుషుల దగ్గరే ఎక్కువుంది.

చేరదామనుకునేవాళ్ళకి కొన్ని ఉపయోగపడే విషయాలు. భాషల్లో తెలుగుతో పాటు మీకు నిజంగా బాగా వచ్చిన భాషలన్నీ కలపండి, హిందీ, ఇంగ్లీషు పెట్టుకున్నాక నాకు కాల్స్ పెరిగాయి. కాల్స్ మనం ఉన్నచోట పగటిపూట మాత్రమే వస్తాయి, ఇక్కడ రాత్రి ఎవరైనా తెలుగులో సాయం అడిగితే అది అప్పుడు పగలుండే చోట్లలో ఉన్న తెలుగు వాలంటీర్లకి వెళ్తుంది, అందుకే డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న మనవాళ్ళు చేరితే ఇక్కడివాళ్ళకి రాత్రిపూట చాలా ఆసరా. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ సేవర్ ఈ యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి దీనికి మినహాయింపు ఇవ్వకపోతే కాల్ వచ్చినట్టే తెలీదు. వీల్‌చైర్‌లో ఉండేవాళ్ళు ఫోన్‌ని చేతికి అందే స్టాండులో పెట్టుకోండి, నేను కుర్చీ చేతికి బిగించే స్టాండు వాడుతున్నాను, అప్పట్నుంచి చేజారిపోయే కాల్స్ తగ్గాయి. వీడియో స్క్రీన్ పెద్దగా ఉంటే మంచిది, పాత ట్యాబ్ ఉంటే దాన్లో వేసుకోండి. ఎదుటివాళ్ళకి దిక్కులు చెప్పేటప్పుడు ‘ఇటు, అటు’ అనకండి, ‘మీ ఎడమకి, ఫోన్ వెనక్కి’ అని చెప్పండి.

5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటి నా స్నేహితురాలికి కాల్ అందిన రోజు కలుపుతాను, అప్పుడు ఈ రివ్యూ కూడా మారుస్తాను.